ఏటి అడుగున జాగా

జిగ్బోడి ఏట్లో జాగా కొంది. ఏటి ఒడ్డున కాదు, అచ్చంగా ఏట్లోనే! వోల్టా నది నడిమధ్యకి కాస్త ఇవతల, రెండు నిలువుల నీళ్ళ కింద, కంటికి కనపడని ఇసుక నేల. నాలుగు మూలలా నాలుగు వెదురు గడలు పాతితే అయిపోయింది, ఆస్తి! రాజధాని అక్రాలో తన జడలల్లే షాపుని అద్దాలతో, కుర్చీలతో, గోడ మీది పోస్టర్లతో సహా అమ్మేసి, ఆ డబ్బంతా తెచ్చి అజాకోపే ఊళ్ళో నీళ్ళలో పోసింది. నిజంగానే పోసింది. బుట్టల కొద్దీ పిల్ల ఆల్చిప్పలు కొని, పడవలో వేసుకెళ్ళి, తన గడల మధ్య గుప్పిళ్ళతో చల్లింది. అవి బుడుంగు బుడుంగుమని మునిగిపోతుంటే ఆమెకి మాత్రం గాల్లో తేలిపోయినట్టు ఉంది.

ఇసుకలో కూరుకుని అవి వాటంతటవే పెరుగుతాయి. నీళ్ళు పెట్టక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు, కాపలా కూడా ఏరే కాస్తుంది! పెద్దయ్యాక తీసి ఉడకబెట్టి, పుల్లలకి గుచ్చి, కారం రాసి, వంతెన దగ్గర ఆగే కార్లవాళ్ళకి అమ్మడమే. చిప్పలు కోళ్ళమేతకి పోతాయి, సున్నానికి పోతాయి, మిగిలినవి వాకిట్లో పరుచుకుంటే తెల్లగా ధగధగలాడిపోతుంది. ఆ వాకిట్లో బెంచీలు వేస్తే? బెంచీల మీద శనాదివారాలు అక్రావాళ్ళు కూర్చుంటే? వాళ్ళకి రాత్రి పడుకోవడానికి గదులు కూడా ఉంటే? జిగ్బోడి బుర్రలో అప్పటికే రెండంతస్తులు లేచాయి. ఉన్నది మాత్రం మేనత్త అబ్లావి ఇంట్లో, మేకల పాక పక్కన చాప మీద.

అక్కడి ఎవే భాషలో ఆమె పేరుకి ఓర్పు అని అర్థం. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, పొద్దున్నే ఆ ఊరి పడవవాడు ఆగ్బెకోతో పడవెక్కి తన జాగా దాకా వెళ్ళి నీళ్ళలోకి తొంగిచూడనిదే ఆమెకి ముద్ద దిగేది కాదు.

"ఏం కనపడిందే?" అని అడిగేది అబ్లావత్త, పొయ్యి మీద మొక్కజొన్న ముద్ద కలుపుతూ.

"నీళ్ళు."

"నిన్నేం కనపడింది?"

"నీళ్ళే. కానీ ఇవాళ కొంచెం బలిసిన నీళ్ళలా ఉన్నాయత్తా!"

వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం అహియాబ్లె తాత వచ్చాడు. ఏటి జాగాల తగువులన్నీ తీర్చేది ఆయనే, ఏటిపెద్ద. పీట మీద కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టాడు.

"బావుందమ్మా. మరి ఇసకెప్పుడిస్తావు?"

"ఏ ఇసక తాతా?"

పొయ్యి దగ్గర అత్త గరిట ఆగిపోయింది.

అజాకోపేలో ఏట్లో జాగా తీసుకున్న మనిషి తానే స్వయంగా అడుగుకి దిగి, గుప్పెడు ఇసుక తెచ్చి ఏటిపెద్ద అరచేతిలో పెట్టాలి. అంతవరకు ఆ గడలు పిట్టలు వాలడానికే. దిగడం ఒక్కసారే. తెచ్చావా, జాగా నీది. తేలేదా, అది పక్క జాగా వాళ్ళకి పోతుంది, లోపలున్న వాటితో సహా. గడువు వచ్చే సంతరోజు.

"ఎవరికైనా డబ్బులిచ్చి దింపిస్తే?" అంది జిగ్బోడి.

"నీ పెళ్ళికి కూడా ఎవర్నన్నా దింపుతావా?" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు తాత.

జిగ్బోడికి ఈత రాదు. ఈత సంగతి అటుంచితే, మొహం మీద చెంబుడు నీళ్ళు పోస్తేనే కెవ్వుమంటుంది.

"ఈ మాట ముందే చెప్పలేదేంటత్తా!"

"సైకిలు కొన్నోళ్ళని తొక్కడం వచ్చా అని ఎవరన్నా అడుగుతారటే? ఇక్కడ పిల్లలు నడక కంటే ముందు మునక నేర్చుకుంటారు. నువ్వేమో జడలల్లడం నేర్చుకుని ఏట్లో పడ్డావ్!"

ఆ కబురు ఊరంతా పాకింది. మర్నాడే పక్క జాగా కొసివా, అబ్లావత్తకి మిరపకాయలు ఇచ్చే వంకతో వచ్చింది. భారీ మనిషి. నవ్వితే ఆమెతో పాటు కూర్చున్న బల్ల కూడా నవ్వుతుంది.

"పిల్లా, నా ఆల్చిప్పలు కులాసాయేనా?"

"అవి నావి!"

"నీవేలే తల్లీ. సంత దాకా."

ఆ రాత్రి చాప మీద పడుకుని జిగ్బోడి మొదటిసారి భయపడింది. వెనక్కి పోదామంటే అక్కడేముంది? షాపు మీద ఇప్పుడు ఇంకెవరి పేరో ఉంది. చేతిలో ఉన్నదంతా ఆ ఇసుకలోనే ఉంది. అది పోతే అబ్లావత్త మేకలు కాయాలి. మేకలకి కూడా ఆమె అంటే పెద్ద గౌరవం లేదు.

తెల్లారగానే శిక్షణ మొదలైంది. అత్త పెద్ద సత్తు బేసిన్ నిండా నీళ్ళు పోసింది.

"మొహం పెట్టు."

"పెట్టాను."

"గడ్డం పెట్టావ్. మొహం పెట్టు!"

రెండు రోజులకి ముక్కు కూడా మునిగింది. మూడో రోజున ఏటికి వెళ్ళారు. జిగ్బోడి అక్రా నుంచి తెచ్చుకున్న మనిషిని తేల్చే నారింజరంగు ఈతకోటు తొడుక్కుంది. మునగడానికని ఆగ్బెకో ఆమె నడుముకి ఇనపకడ్డీ కట్టాడు. ఆగ్బెకో గొట్టంతో గాలి పీల్చుకుంటూ ఆల్చిప్పలు తీసే మనిషి, ఇరవై ఏళ్ళుగా ఏటి అడుగునే కాపురం. అంతటివాడికీ తర్వాత జరిగింది కొత్తే. కడ్డీ కిందకి లాగింది, కోటు పైకి లాగింది. జిగ్బోడి కిందకీ పోలేదు, పైకీ రాలేదు. చంకల దాకా నీళ్ళలో నిలబడి బొంగరంలా గుండ్రంగా తిరిగింది.

"పెట్టుబడి తేలుతోందర్రా!" అని ఒడ్డు నుంచి అరిచింది కొసివా.

కోటు విప్పేసి దూకిస్తే నెత్తి మీది జడల విగ్గు ఊడిపోయింది. అది వయ్యారంగా దిగువకి కొట్టుకుపోతుంటే ఎవరిదో పిల్లి ఏట్లో పడిందని వలవాళ్ళు గోలపెట్టారు. జిగ్బోడి మాత్రం ఆగ్బెకో మెడ పట్టుకుని వేలాడింది.

"వదులు చెల్లెమ్మా, నాక్కూడా గాలి కావాలి!"

వదిలింది. మునిగింది. చెవుల్లో హోరు, కళ్ళు తెరిస్తే పచ్చగా మసక. ఊపిరి పట్టి, అరక్షణం ఆగి, తుపుక్కున పైకొచ్చింది. చావలేదు! "అత్తా, నేను చావలేదు!" అని ఆ రోజంతా ఇంట్లో కనపడ్డ వాళ్ళందరికీ చెప్పింది, మేకలతో సహా.

సంతరోజు రానే వచ్చింది. సరుకులు ఒడ్డునే వదిలేసి ఊరు ఊరంతా పడవలెక్కింది. ఒక పడవలో గొడుగు కింద అహియాబ్లె తాత, ఇంకో పడవ మొత్తం కొసివా. ఆగ్బెకో పడవలో గాలికొట్టే ఇంజను టకటకలాడుతోంది. దానికి తగిలించిన గాలిగొట్టం కొసని జిగ్బోడి రెండు చేతులా పట్టుకుంది.

"గొట్టం పళ్ళతో కరిచి పట్టుకో. ముక్కుందన్న సంగతే మర్చిపో. పక్కనే ఉంటా," అన్నాడు ఆగ్బెకో.

"నీ చెల్లెమ్మకి ఏదన్నా అయితే నీ ఇంజను అమ్ముకుంటా!" అంది అబ్లావత్త.

దిగింది. కడ్డీ బరువుకి కిందకి, ఇంకా కిందకి, చల్లటి నీళ్ళలోకి. గొట్టంలోంచి పెట్రోలు వాసనేసే గాలి. పీల్చింది, వదిలింది, మళ్ళీ పీల్చింది. అప్పుడు కాళ్ళకి నేల తగిలింది. నేల కాదు! పాదాల కింద గుండ్రంగా, గట్టిగా, వరసగా... ఆల్చిప్పలు! వంగి చేత్తో తడిమింది. గోళీలంత చల్లినవి నిమ్మకాయలంత అయ్యాయి. ఒకటి వేలికి తగలగానే చటుక్కున మూసుకుంది. బతికే ఉంది! ఇంకోటి, ఇంకోటి, ఎటు తడిమినా అవే! ఇన్నాళ్ళూ ఆ నీళ్ళకేసి చూస్తూ కట్టుకున్న మేడ కంటే ఇదే బావుంది, ఎందుకంటే ఇది చేతికి తగులుతోంది! ఆగ్బెకో భుజం తట్టి గుర్తుచేస్తే గానీ వచ్చిన పని గుర్తురాలేదు. గుప్పెడు ఇసుక తీసింది. బిగించి పట్టుకుంది. పైకి లాగమని నడుముకున్న తాడు లాగింది.

పైకొచ్చింది. ఎండ, గాలి, జనం! గొట్టం ఉమ్మేసి రెండు చేతులూ బారచాపి ఊపేసింది.

"ఉన్నాయ్! అన్నీ ఉన్నాయ్! బలిశాయత్తా, బలిశాయ్!"

అహియాబ్లె తాత చాపిన అరచెయ్యి అలాగే ఉంది.

"ఇసకేదమ్మా?"

జిగ్బోడి తన చేతులకేసి చూసుకుంది. రెండూ శుభ్రంగా ఉన్నాయి.

ముందుగా పగలబడి నవ్వింది కొసివా. పొట్ట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, పడవ ఇటూ అటూ ఊగి నీళ్ళెక్కుతున్నా ఆపుకోలేకపోయింది. అబ్లావత్త నెత్తి కొట్టుకుంది. తాత నెమ్మదిగా చెయ్యి ముడిచాడు.

"నియమం నియమమే. దిగడం ఒక్కసారే. ఈ జాగా కొసి..."

"ఆగండి... అబ్బా... ఆగండి తాతా," అని చెయ్యి ఊపింది కొసివా, ఊపిరి అందక. "మళ్ళీ దిగమనండి!"

"జాగా నీకొస్తోంది కదే!"

"ఉన్న జాగాలో గుల్లలు తీసేసరికే నా నడుం పడిపోతోంది. మా ఆయన పోయాక ఇంత నవ్వలేదు తాతా. ఇది నా పక్కన లేకపోతే నాకేం తోస్తుంది? దిగమనండి, నాకు మళ్ళీ చూడాలనుంది!"

తాత గడ్డం గోక్కున్నాడు. "రావాల్సిన మనిషే వద్దంటే నాదేముంది. సరే, ఇంకొక్క..."

మాట పూర్తవలేదు. జిగ్బోడి ఉన్నచోట బుడగలున్నాయి. గొట్టం సరసరా కిందకి పోతోంది. "నేను లేకుండానే!" అని ఆగ్బెకో వెనకే దూకాడు.

ఈసారి పైకి ముందు పిడికిలి వచ్చింది, తర్వాత మనిషి. పడవల మధ్య ఈదలేక కాళ్ళు కొట్టుకుంటూ, ఆగ్బెకో వెనక నుంచి తోస్తుంటే, ఆ పిడికిలి తాత అరచేతిలో పెట్టి గానీ వేళ్ళు విప్పలేదు. తడి ఇసుక ఆయన మోచేతి దాకా కారింది.

"నీదేనమ్మా జాగా," అన్నాడు తాత, కేకల మధ్య. ఇసుకలోకి తొంగిచూశాడు. "ఇందులో ఒక ఆల్చిప్ప కూడా వచ్చిందే."

"అది ఇటిచ్చెయ్యి తాతా, అది నాది! దాని చోట దాన్ని పెట్టేసొస్తా!"

"పైనుంచి పడేస్తే చాలదటే!" అని అరిచింది అబ్లావత్త. "చెల్లెమ్మా, ఇంజన్లో పెట్రోలు అయిపోతోంది!" అని మొత్తుకున్నాడు ఆగ్బెకో. ఆ మాటలు వినడానికి జిగ్బోడి పైన లేదు. కొసివా మాత్రం పడవ అంచు పట్టుకుని, బుడగలు ఎటు పోతే అటు తల తిప్పుతూ, అప్పుడే మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.