ఎడమ వైపు సీసా

పొద్దున ఏడు కొట్టేసరికి సైమి పై అంతస్తుకు ఎక్కి, తెల్ల కోటు తొడుక్కుని, సీసాలు తూచడం మొదలుపెట్టేది. ఇరవై ఏళ్ళుగా అదే పని. హెల్సింకి రేవు పక్కన, కిటికీలోంచి క్రేన్లు కనిపించే గది అది. వరసగా బోన్లు, బోనుకో ఎలుక, ఎలుకకు రెండు సీసాలు. ఒకదాంట్లో మంచినీళ్ళు, రెండోదాంట్లో పదోవంతు సారా కలిపిన నీళ్ళు. నిన్నటి నుంచి ఏది ఎంత తగ్గిందో తూచి, బోనుకు తగిలించిన అట్ట మీద రాయాలి. రాశాక సీసాల చోటు మార్చాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. ఎలుక కూడా మనలాంటిదే కదా, అలవాటైన చోటికే పోతుంది. రుచి కోసం తాగుతోందో, అలవాటు కొద్దీ తాగుతోందో తేలాలంటే చోటు మారుస్తూ ఉండాల్సిందే.

ఆ గదిలో రెండు వంశాలుండేవి. తాగేవాటిని తాగేవాటితోనే, తాగనివాటిని తాగనివాటితోనే జతకలుపుతూ ముప్పై తరాలు నడిపించారు. ఇప్పుడు ఒక వంశం పిల్ల పాలు మరిచిన నాడే సారా సీసా వెతుక్కుంటుంది. ఇంకో వంశం పిల్ల మూతి పెట్టి, మొహం తుడుచుకుని, వెనక్కి పోతుంది. తాగినవాటిలోనూ ఒక్కోదాని తీరు ఒక్కోలా ఉండేది. ఒకటి పక్క బోను మీదికి కయ్యానికి పోయేది, ఒకటి మూల చేరి వణికేది. పదిహేడో నంబరు మాత్రం మూడు సార్లు తుమ్మి, ముందు కాలు కళ్ళకు అడ్డం పెట్టుకుని వెల్లకిలా పడుకునేది.

అచ్చం సైమి తమ్ముడు ఆర్వోలాగ.

రెండేళ్ళ కిందట ఆర్వో ఇంటి తాళం కోసం అక్క దగ్గరికి వచ్చాడు. అప్పటికే నిలువలేనంత తాగున్నాడు. పడిపోకుండా పదిహేడో నంబరు బోను ఊచలు పట్టుకుంటే, అందులో ఉన్న నెల్లాళ్ళ పిల్ల వేలు కరిచింది. ఆ వేళ నుంచి ఆర్వో చుక్క ముట్టలేదు. ముట్టాలనిపించలేదు. అతని దాహమంతా పదిహేడో నంబరు తాగుతోందని సైమి ఉండే మేడలో అందరికీ తెలుసు. మెట్ల మీద ఎదురైతే, "మీ తమ్ముడి ఎలుక బాగుందా?" అని అడిగేవారు, ఇంట్లో ముసలాయన్ని అడిగినట్టు.

పక్కింటి ఎల్మా కూడా, సైమి గదిలో లేని వేళ, తన మొగుణ్ణి తీసుకొచ్చి ఒక బోనులో వేలు పెట్టించింది.

"కరిచిందా?" అని అడిగింది సైమి.

"కరవక? రక్తం వచ్చేట్టు కరిచింది. తీరా చూస్తే తాగని వంశంది. మా ఆయన రాతే అంత, ఎలుక కూడా పతివ్రతే దొరికింది" అంది ఎల్మా.

ఆర్వో రేవులో క్రేను నడిపేవాడు. భార్య స్వీడను వెళ్ళి అక్కడే ఇంకో పెళ్ళి చేసుకుంది. కూతురు పిర్కోను, తండ్రి తాగుడు చూసి, పిల్లల ఆశ్రమానికి తీసుకుపోయారు. పిల్లకిప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ వేసవిలో సంరక్షణ ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి, యుహాన్నుస్ పండగకు పిల్లను మూడు రోజులు తండ్రి దగ్గర ఉంచుతామంది. తనూ వెంట వస్తానంది. అంతా బాగుంటే పిల్ల ఇక ఇంట్లోనే. ఒక్క గుక్క తాగినట్టు తెలిసినా పెద్దయ్యేదాకా ఆశ్రమమే. యుహాన్నుస్ అంటే పొద్దు గుంకని పండగ. నీళ్ళ ఒడ్డున మంటలు వేసి, ఊరు ఊరంతా తాగే పండగ.

పండగ ఇంకా వారం ఉందనగా డాక్టరు లిండ్రోస్ ఎలుకల గదిలోకి వచ్చాడు. మంచివాడు, కాస్త పరధ్యానం మనిషి.

"సైమీ, రేపటి నుంచి తాగే వంశానికి పది రోజులు సారా ఆపేద్దాం. మంచినీళ్ళ సీసా ఒక్కటే, కుడి వైపు, కదపకూడదు. తిరిగి సారా ఇచ్చినప్పుడు ఎంత తాగుతాయో చూడాలి. ఆ తరవాత మెదళ్ళు కోసి చూస్తాం."

"పండగ మధ్యలో వస్తుంది కదండీ."

"ఎలుకలకు పండగేమిటి?"

"పదిహేడును వదిలెయ్యకూడదా?"

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అది ఈ వంశానికే పెద్ద దిక్కు. దాన్ని వదిలేస్తే ఇంక నేను తూచేదేముంది? మీ తమ్ముడికి చెప్పండి, పది రోజులు జాగ్రత్తగా ఉండమని."

మర్నాడు సైమి సారా సీసాలు తీసేసింది. ఆ రోజు పదిహేడు సారా సీసా ఎడమ వైపు ఉంది. సీసా పోయినా ఎలుక అక్కడే కూచుంది. సీసా మూతి ఉండే కంతలో నాలుక పెట్టి ఇనుప తీగ నాకింది. పగలంతా నాకింది.

ఆ సాయంత్రం ఆర్వో అక్క ఇంటికి వచ్చాడు. "నోరు ఎండిపోతోందక్కా" అన్నాడు. చేపల పులుసు పెడితే రెండు చెంచాలు తిని లేచాడు. సైమి గిన్నెలు కడిగి వెనక్కి తిరిగేసరికి, తమ్ముడు వంటింటి ఎడమ మూలకు చేరి, గోడలో దిగిన మేకును నాలుకతో నాకుతున్నాడు. తనేం చేస్తున్నాడో అతనికి తెలియదు.

"ఆర్వో" అంది సైమి మెల్లిగా.

"ఆఁ? ఏంటక్కా?" అన్నాడు, నిద్రలోంచి లేచినట్టు. పెదవి మీద తుప్పు.

నాలుగో నాటికి అతని నాలుక పగిలింది. ఆరో నాడు క్రేను మీద ఎడం చేతి వైపు అద్దమంతా నాలుక గీతలున్నాయని తోటివాళ్ళు చెప్పారు. ఏడో నాడు పండగ. ఆర్వో తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, పిర్కో చెయ్యి పట్టుకుని, రేవు కార్మికుల గుడిసెలున్న దీవికి పడవెక్కాడు. ఆఫీసావిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూచుంది. ఎల్మా, మొగుడూ కూడా అదే పడవలో వెళ్ళారు.

సైమి వెళ్ళలేదు. పండగైనా ఎలుకలకు నీళ్ళు పొయ్యాలి కదా.

సాయంత్రం ఆ అంతస్తంతటికీ ఆమె ఒక్కతే. సారా గది తాళం కోటు జేబులోనే ఉంది. ఒక్క సీసా, ఒక్క గంట పెడితే ఎవరికీ తెలియదు. అట్ట మీద రాయకుండా ఉంటే సరి. సైమి తాళం చేతిలోకి తీసుకుంది. ఇరవై ఏళ్ళలో ఆమె ఒక్క గ్రాము తప్పు రాయలేదు. తూచేదే అబద్ధమైతే, ఇన్ని తరాల ఎలుకలు దేనికోసం పోయినట్టు? తాళం మళ్ళీ జేబులో వేసుకుంది.

పదిహేడు ఎడమ మూల నాకుతూనే ఉంది. దాని నాలుకా పగిలి, తీగ మీద సన్నగా ఎర్రటి చార కట్టింది. సైమి చూస్తూ చూస్తూ చెయ్యి చాపింది. ఏమీ అనుకోలేదు. ఇరవై ఏళ్ళుగా రోజూ చేసిన పనే చెయ్యి చేసింది. కుడి వైపున్న మంచినీళ్ళ సీసా తీసి ఎడమ వైపు పెట్టింది.

ఎలుక ఆగింది. వాసన చూసింది. వెనక కాళ్ళ మీద లేచి సైమి మొహంలోకి చూసింది. తాగొచ్చిన తండ్రికి భయపడి మంచం కింద దాక్కున్న ఏడేళ్ళ తమ్ముడు, బయటికి రావచ్చా అన్నట్టు చూసిన చూపు అది. తరవాత మూతి పెట్టి తాగింది. తుమ్మలేదు. ఆపకుండా చాలాసేపు తాగింది.

సైమి గడియారం చూసి అట్ట మీద రాసింది. "ఆరుకు పది నిమిషాలు తక్కువ. నీళ్ళ సీసా ఎడమకి మార్చాను. సైమి."

దీవి మీద జరిగింది మర్నాడు ఎల్మా చెప్పింది.

"పొద్దున్నుంచీ బిగపట్టుకునే ఉన్నాడమ్మా. మా వాళ్ళు గ్లాసు పట్టుకుని వెంటపడుతుంటే తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆరు కావస్తుందనగా, మంటకి కట్టెలు పేర్చే వేళకి ఏమైందో, మా ఆయన చేతిలో సీసా లాక్కుని ఎత్తాడు. సగానికి సగం. పిల్ల ఎదురుగానే, ఆవిడా ఎదురుగానే. ఆవిడ సంచీలోంచి కాయితం తీసింది."

"తీసి?"

"మీ వాడు సీసా దించి, 'ఎవర్రా నాకు నీళ్ళు పోసింది' అన్నాడు. కోపంగా కూడా కాదు. ఆవిడ దగ్గరికొచ్చి సీసా వాసన చూసింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి ఆవిడకి. తరవాత మీ వాడి నోటి వాసన చూసింది, ఏమీ లేదు. పడవ దిగే సన్న పలక మీద నడవమంటే, పిల్లను భుజాన వేసుకుని గీత గీసినట్టు నడిచాడు. కాయితం మీద 'నీళ్ళు తాగాడు' అని రాసుకుని వెళ్ళిపోయింది."

"మిగతా సగం?"

"అది మా ఆయన తాగాడులే. తెల్లారేదాకా పొదల్లోనే ఉన్నాడు. ఆయనకి మాత్రం నీళ్ళు కాలేదు."

డాక్టరు లిండ్రోస్ అట్ట చదివి నిట్టూర్చాడు. సీసా చోటు కదిలింది కాబట్టి పదిహేడు లెక్కకు రాదు. దాని పేరు కొట్టేశాడు. లెక్కకు రాని ఎలుకను కోసి లాభం లేదు. "ఇంటికి తీసుకుపోండి సైమీ. అట్ట మీద రాయకుండా ఉంటే నాకు తెలిసేది కాదు" అన్నాడు.

"తెలుసండీ" అంది సైమి.

పిర్కో ఇంటికి వచ్చేసింది. ఆర్వోకు ఆ రోజు నుంచి ఏం తాగినా నీళ్ళే. పాలు నీళ్ళు, పులుసు నీళ్ళు, కాఫీ వేడి నీళ్ళు. ఒక్కసారి అక్కతో చెప్పుకున్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ప్రతి ఆదివారం తండ్రీ కూతుళ్ళు సైమి వంటింట్లో కాఫీ తాగుతారు, యాలకుల రొట్టెతో. పదిహేడు బోను కిటికీ గట్టు మీద ఉంటుంది. పిర్కో మొదటి వారమే చూసింది. నాన్న కప్పు ఎత్తి గుటక వేసినప్పుడల్లా, ఎలుక మీసాలు నాక్కుంటోంది.

"తీపి సరిపోయిందా నాన్నా?"

"సరిపోయిందమ్మా."

పిర్కో కిటికీ వైపు చూసి, ఆ కప్పులో ఇంకో చక్కెర బిళ్ళ వేసింది. అప్పటి నుంచి రెండు వేస్తుంది.

పిర్కోకు ఇప్పుడు పదహారేళ్ళు. పదిహేడుకు తొమ్మిది. ఎలుక మూడేళ్ళకు మించి బతకదని సైమికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనరు. ఆదివారం రాగానే పిర్కో ముందు కిటికీ దగ్గరికి పోయి బోనులోకి వంగి చూస్తుంది. అది కదిలాక, అప్పుడు నాన్న కప్పులో కాఫీ పోస్తుంది.