ఎర్రదారం డిస్కు

"కూర్చో తల్లీ, కూర్చో," అంటూ ఆవిడ ర్యామ్ ముక్కని రెండు బొటనవేళ్లతో నొక్కింది. ఒక చివర టక్కుమని దిగింది. రెండోది మొండికేసింది. "ఏం, నీకు విడిగా చెప్పాలా?" అని ఇంకోసారి నొక్కింది. టక్. అదీ కూర్చుంది.

ఆవిడ మాట వినేవి ఈ లోకంలో అవే. ఏ ముక్క బిగించినా "కూర్చో తల్లీ" అనాల్సిందే. అనకపోతే ఎక్కడో ఒక స్క్రూ పడి దొర్లిపోతుందని ఆవిడ అనుభవం.

షాపు వెనకగదికి కిటికీ లేదు. మూడు గోడలకీ ఇనుప అరలు. వాటినిండా పొట్ట విప్పిన పాత కంప్యూటర్లు, అట్టపెట్టెల్లో ఫ్యాన్లు, చిక్కుపడ్డ జుట్టులా వైర్లు. గదిలో సగం బల్లే. ఒక స్టూలుంది గానీ దాని మీద ఎప్పుడూ మదర్‌బోర్డుల దొంతర ఉంటుంది. కాబట్టి నిలబడే పని. వయసులో ఉన్నన్నాళ్లూ రేడియోల ఫ్యాక్టరీలో వరసలో నిలబడి టంకం పెట్టింది. ఫ్యాక్టరీ మూతబడ్డాక అన్న కొడుకు షాపులో చేరింది, ఇక్కడా నిలబడే ఉంది. పిక్కల మీద నరాలు నీలంగా, ముడులు ముడులుగా లేచాయి. కొంగు నడుముకి బిగించి, చెప్పులు విడిచి, ఏ ముక్క ముట్టుకునే ముందైనా ఇనుప అరని అరచేత్తో తాకేది. ఒంట్లోని కరెంటు ఇనుములోకి దిగిపోవాలని. చూసేవాళ్లకి మాత్రం అరకి దణ్ణం పెట్టుకుంటున్నట్టుండేది.

మేనల్లుడు అత్తా అంటాడు. అది విని, కంప్యూటర్లు అసెంబుల్ చేస్తుంది కాబట్టి, వీధి మొత్తం అసెంబ్లీ అత్తయ్య అనడం మొదలుపెట్టింది. "మా అసెంబ్లీలో వాకౌట్లుండవు సార్, వాయిదాలుండవు," అని వచ్చిన ప్రతి కస్టమర్‌కీ వాడు చెప్తాడు. ఆవిడ ఎప్పుడూ నవ్వదు. కానీ ఏ రోజైనా వాడా మాట అనడం మర్చిపోతే, ఒంట్లో బాగుందో లేదోనని తొంగి చూస్తుంది.

ఇవాళ పొద్దుటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. బల్ల ఎత్తు సరిగ్గా లేదని ఆవిడ బల్లని తిట్టుకుంది.

పగలంతా బిగించడం, సాయంత్రం టెస్టు. షాపులో మంచి మానిటర్ ఒక్కటే ఉంది. పగలు అది ముందు గదిలో, కస్టమర్ల కోసం. దీపాలు వేసే వేళకి మేనల్లుడు దాన్ని మోసుకొచ్చి ఆవిడ బల్ల మీద పెడతాడు. అప్పుడు ఆవిడ అరలోంచి ఎర్రదారం కట్టిన డిస్కు తీస్తుంది.

కిందటేడు ఎవరో అమ్మేసిన పాత సామాను కుప్పలో వచ్చిందది. పాత డిస్కు వస్తే అందులో ఉన్నదంతా ముందు తుడిచెయ్యాలి, అది షాపు రూలు. దీన్ని మాత్రం ఆవిడ తుడవలేదు. అందులో నెట్‌లో నలుగురూ కలిసి ఆడే పెద్ద గేమ్ ఒకటి, ఏ గ్రాఫిక్స్ కార్డుకైనా చెమటలు పట్టించేది, అప్పటికే ఎక్కించి ఉంది. కంప్యూటర్ ఆన్ అవగానే దానంతటదే తెరుచుకుంటుంది. ఇంతకన్నా టెస్టుకి ఏం కావాలి? డిస్కు కూర్చోబెట్టి, నెట్ వైరు తగిలించి వదిలేస్తే చాలు, కీబోర్డు కూడా అక్కర్లేదు. అందుకే వెనకగదిలో కీబోర్డు లేదు. స్క్రూడ్రైవర్ కొనతో బోర్డు మీది పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ కలిపి అంటిస్తే కంప్యూటర్ ఊపిరి పీల్చుకుంటుంది. ఆ తర్వాత ఆవిడ పెట్టెకి చెవి ఆనించి ఫ్యాన్లు వింటుంది. కళ్లు మాత్రం తెర మీద.

తెర మీద ఒక చెరువు. చెక్కల వంతెన నీళ్లలోకి కొంతదూరం వెళ్లి ఆగిపోతుంది. దాని మీద ఒక మనిషి, మనవైపు వీపు పెట్టి. తల మీద గాల్లో 'బద్ధకం' అని అక్షరాలు. టెస్టు కోసం ఎవరో సరదాకి పెట్టిన పేరనుకుంది ఆవిడ. "ఏమయ్యా బద్ధకం, ఇవాళ కూడా అక్కడేనా?" అని రోజూ పలకరించేది.

నిజానికి అక్కడే కాదు. మొదట్లో ఒడ్డున నిలబడి ఉండేవాడు. తర్వాతెప్పుడో వంతెన మొదట్లో కనిపించాడు. ఈమధ్య వంతెన చివర, కాళ్లు నీళ్లలోకి వేలాడేసి కూర్చుంటున్నాడు. కీబోర్డే లేని గదిలో వాణ్ణి ఎవరు నడిపించారు? "గేమ్ అప్‌డేట్ అయ్యుంటుందిలే అత్తా," అన్నాడు మేనల్లుడు. వాడికి అర్థంకానివన్నీ అప్‌డేట్లే. నిన్న మాత్రం బద్ధకం కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు. ఎవరికో చోటిచ్చినట్టు.

మధ్యాహ్నం ముందు గదిలోంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది. ఎదురు వీధి మందుల షాపులో కౌంటర్ దగ్గరుండే అమ్మాయి.

"ఒక్క గేమ్ ఆడితే చాలండీ. వేరే ఏమీ వద్దు. డబ్బులు కూడా ఇంతే ఉన్నాయి."

"గేమింగ్ అంటే లైట్లుండాలి కదమ్మా. ఇదిగో చూడు, ఏడు రంగులు మారుతుంది."

"ఒరేయ్," అంది ఆవిడ తలుపు దగ్గరికొచ్చి, "ఆ పిల్ల గేమ్ ఆడుకుంటానంటోంది. పెళ్లి పందిరి వెయ్యమనలేదు. లైట్లు తీసెయ్."

అమ్మాయి నవ్వింది. మేనల్లుడు లైట్ల ఫ్యాన్లు అరలో పెట్టేస్తూ, "ఇలాగైతే నేను త్వరలో నీ పక్కన నిలబడి స్క్రూలు బిగించుకోవాలి," అన్నాడు.

"బిగించు. పొట్టన్నా తగ్గుతుంది." ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది. "గ్రాఫిక్స్ కార్డు పాతదేస్తాను, నేను విప్పి తుడిచిందే. ప్రాసెసర్ పాతదే. క్యాబినెట్‌కి ఓ సొట్టుంది, గోడ వైపు తిప్పుకో. పవర్ సప్లై మాత్రం కొత్తది. అందులో పొదుపు చేస్తే మిగతావన్నీ కట్టగట్టుకుని పోతాయి. ఇంతకీ ఏ గేము?"

అమ్మాయి ఫోన్ తీసి చూపించింది. తెరమీద చెరువు బొమ్మ, కింద ఒకే ఒక్క స్నేహితుడి పేరు. బద్ధకం. పక్కన బూడిదరంగు చుక్క.

"మా అన్నయ్య," అంది అమ్మాయి. మేనల్లుడు ఫోన్ మాట్లాడుతూ బయటికి వెళ్లాక గొంతు తగ్గించింది. "పోయి ఏడాది దాటింది. నేను ఇంట్లో లేనప్పుడు మావయ్య కంప్యూటర్ అమ్మేశాడు. కానీ అత్తయ్యా, రోజూ సాయంత్రం ఈ చుక్క ఆకుపచ్చగా వెలుగుతుంది. కాసేపుండి ఆరిపోతుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే మా షాపులోని మందులే నాకు మింగిస్తారు."

ఆవిడ చెయ్యి దానంతటదే వెళ్లి ఇనుప అరని తాకింది.

"లోపలికెళ్లి చూడాలి," అంది అమ్మాయి. "అక్కడ ఎవరున్నారో. ఎవరూ లేకపోతే కూడా తెలియాలి కదా. ఒకవేళ ఇవాళే రాకపోతే?"

"వస్తాడు," అంది ఆవిడ. నోరు జారిన మాట. తీసుకోవడానికి వీల్లేదు.

అమ్మాయి ముందు గదిలో కూర్చుంది. ఆవిడ బిగించడం మొదలుపెట్టింది. మామూలుగా చేతులు పనిచేస్తుంటే తల ఖాళీగా ఉంటుంది. ఇవాళ అలా లేదు. డిస్కు తుడిచేస్తే ఆ చుక్క ఇంకెప్పుడూ వెలగదు. ఈ పిల్ల తలుపు తోసుకుని వెళ్లేసరికి గది ఖాళీ. తుడవకుండా రోజూ పెడుతుంటే, చచ్చిపోయినవాడి చొక్కా వేసుకుని చెల్లెలి ముందు తిరిగినట్టు. నిజం చెప్పేస్తే సరిపోతుంది. 'అమ్మా, అది మీ అన్నయ్య కాదు, నా టెస్టు.' ఎన్ని మాటలని? మరి వాడు పక్కకి జరిగిన సంగతి ఎలా చెప్పాలి?

"కూర్చో తల్లీ," అంది కార్డుతో. అది వెంటనే కూర్చుంది. అదీ ఆవిడకి నచ్చలేదు.

పని అయ్యాక ఖాళీ డిస్కుతో ఆన్ చేసి, ముందు గదిలోనే చెవి ఆనించి విని, చాలంది. మేనల్లుడు వింతగా చూశాడు. "నీ ఎర్రదారం డిస్కు ఏది? టెస్టు చెయ్యకుండా ఇచ్చేస్తున్నావేంటి? మతిమరుపా?"

"నాకు మతి బాగానే ఉంది. నీకే నోరు ఎక్కువైంది. పిల్లతో పాటు వెళ్లి ఇంట్లో పెట్టి, అన్నీ ఎక్కించి రా."

అమ్మాయి వెళ్తూ వెళ్తూ వెనకగది గడప దగ్గర ఆగింది. "మీరు కూర్చోరా అత్తయ్యా?"

ఆ మాట ఆవిణ్ణి ఎవరూ అడిగినట్టు గుర్తు లేదు. "ఎక్కడ కూర్చోనూ," అంటూ స్టూలు మీది దొంతర చూపించింది.

సాయంత్రమైంది. మేనల్లుడు అమ్మాయి వెంట వెళ్లే ముందే మానిటర్ బల్ల మీద పెట్టి, షట్టర్ సగం దించి పోయాడు. టెస్టు చెయ్యాల్సిన పెట్టె ఒకటుంది, ఎవరో లెక్చరర్‌ది. ఆవిడ ఎర్రదారం డిస్కు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత దాన్ని బిగించి, స్క్రూడ్రైవర్ కొనతో పిన్నులు అంటించింది.

చెరువు. వంతెన. బద్ధకం చివర్న కూర్చుని ఉన్నాడు, పక్కన చోటుంచుకుని.

వీధిలో బళ్ల చప్పుడు తగ్గింది. తెర మీద ఒడ్డున ఇంకో బొమ్మ పుట్టింది. కొత్త బట్టలు, చేతిలో ఏమీ లేదు. నడవడం ఇంకా చేతకాక చెట్టుకి గుద్దుకుంది, పక్కకి తిరిగింది, వంతెనెక్కింది. తల మీద 'బద్ధకం చెల్లి' అని ఉంది. వచ్చి, వాడి వెనక ఆగింది. తెర అడుగున అక్షరాలు పడ్డాయి.

"అన్నా, ఉన్నావా?"

ఆవిడ ముందు గది అర మీంచి కొత్త కీబోర్డు డబ్బా తెచ్చి చించింది. నిజమే రాద్దామనుకుంది. నేను షాపు అత్తయ్యని, క్షమించు, రేపు రా, ఈ డిస్కు నీది, నీకిచ్చేస్తాను. భుజంలోని నొప్పి మోచేతి దాకా దిగింది. ఊపిరి అందలేదు. ఆవిడ స్టూలు మీది మదర్‌బోర్డుల్ని తీసి ఒక్కొక్కటే నేలమీద పెట్టింది, పగలకుండా.

"కూర్చో తల్లీ," అంది. గదిలో బిగించాల్సినవి ఏమీ లేవు. తనే కూర్చుంది.

కీబోర్డు ఒళ్లో పెట్టుకుంది. కూర్చోవడం ఇంత బాగుంటుందని ఇన్నాళ్లూ తెలీదు. కళ్లు మూసుకుని ఫ్యాన్లు విన్నది. ప్రాసెసర్ ఫ్యాను, కార్డు ఫ్యాను, పెట్టె వెనక ఫ్యాను, అన్నీ సవ్యంగా తిరుగుతున్నాయి. అయినా గదిలో రోజూ వినిపించే చప్పుడొకటి ఆగిపోయింది. అది దేనిదా అని కాసేపు వెతికింది.

మేనల్లుడు షట్టరెత్తి, "అసెంబ్లీ ఇంకా నడుస్తోందా?" అంటూ లోపలికొచ్చాడు. అత్త స్టూలు మీద కూర్చుని ఉంది. ముందు అతనికి అదే వింతగా అనిపించింది. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. డాక్టరుకి ఫోన్ చేశాడు.

డాక్టరు వచ్చి, చూసి, వెళ్లిపోయాడు. బంధువుల ఫోన్ల మధ్య అమ్మాయి ఫోన్ కూడా వచ్చింది. ఆమెకి ఇంకా ఏమీ తెలియదు.

"హలో, అత్తయ్యకి ఒకసారి ఇస్తారా? మా అన్నయ్య పలికాడని చెప్పాలి. ఉన్నావా అంటే, ఉన్నానన్నాడు. పక్కన కూర్చోమన్నాడు. ఒక్కటే అర్థం కావట్లేదు. అన్నయ్య నన్నెప్పుడూ కోతీ అనేవాడు. ఇవాళ తల్లీ అన్నాడు."

అతను బల్ల వైపు చూశాడు. మానిటర్ ఎవరూ ఆపలేదు. వంతెన చివర ఇద్దరు కూర్చుని ఉన్నారు, కాళ్లు నీళ్లలోకి వేలాడేసి. అమ్మాయి అడిగిన ప్రశ్న కింద ఒక వరస ఉంది.

"ఉన్నా. కూర్చో తల్లీ."

ఎవరు కొట్టారీ మాటలు? అతను కిందికి చూశాడు. అత్తని ఎత్తినప్పుడు ఎవరో కీబోర్డుని తీసి స్టూలు మీద పెట్టారు. దాని వైరు ఫ్యాక్టరీలో మడిచినట్టే మడిచి ఉంది, మడత మధ్యలో చుట్టిన తీగముక్క విప్పనేలేదు, కొసనున్న ప్లగ్గుకి ప్లాస్టిక్ టోపీ తొడిగినట్టే ఉంది.