పుణ్యవతి కొత్త కోక

ఇదేం చోద్యమో చూడండి! బరంపురం ఉప్పుడు బియ్యం మిల్లు వెనక కూలి ఆడవాళ్ల వరసగదుల్లో అన్నీ వానకు కారేవే. మేస్త్రి వైకుంఠరావు మాత్రం ఒక్క పుణ్యవతి గదికే సున్నం వేయించాడు.

ఒరిస్సా కొత్తగా వేరు రాష్ట్రమైంది. కూలీలు ఎలా బతుకుతున్నారో చూసి రమ్మని సర్కారు కటకం నుంచి విచారణ సంఘాన్ని పంపింది. వాళ్లకు చూపడానికి యజమానికి ఒక చక్కని గది కావాలి. నోరులేనిదని పుణ్యవతిని ఎంచారు. నులకమంచం వేశారు, కొత్త కోక ఇచ్చారు.

పక్కగది కూర్మమ్మ కళ్లల్లో నిప్పులు పోసుకుంది.

“ఓలమ్మో, దానికేటి కొమ్ములున్నాయా? నాను దానికంటే ముందు కళ్లంలో దిగినాను. నా కాళ్లు కాల్నేదా?”

అసలు గొడవంతా కాళ్లదే. ఉడికిన ధాన్యాన్ని గచ్చు కళ్లం మీద పోసి, మిట్టమధ్యాహ్నం ఆడవాళ్లు వట్టికాళ్లతో తిప్పాలి. ఎండ తిరిగేదాకా పని ఆపమని వాళ్లు ఎన్నాళ్లుగానో మొత్తుకుంటున్నారు. ఆ మాట విచారణవాళ్ల చెవిన పడాలి. కూర్మమ్మకి మాత్రం కోక తప్ప ఏమీ కనిపించలేదు.

ఆ వరసలో నిప్పడిగితే లేదనకూడదు, అది ఆనవాయితీ. పొద్దున్నే పిడక పట్టుకొచ్చిన పుణ్యవతిని కూర్మమ్మ గుమ్మంలోనే ఆపింది.

“మేస్త్రినడుగు. నిప్పూ ఆడే ఇత్తాడు.”

“నానడిగినానా అప్పా? వద్దంటే పనిలోంచి తీసెత్తానన్నాడు.”

కూర్మమ్మ తలుపేసుకుంది.

విచారణ బాబులు వచ్చి నులకమంచం మీద కూర్చున్నారు. అడిగినవాటికల్లా వైకుంఠరావే జవాబు చెబుతున్నాడు. పుణ్యవతి గోడవారగా నిలబడింది. గుమ్మంలో మూగిన ఆడవాళ్లను తోసుకుని కూర్మమ్మ లోపలికొచ్చి, తెలుగు సగం, ఒడియా సగం కలిపి అరిచింది.

“బావూ, ఆ మంచం మేస్త్రిది! నిన్నటిదాకా ఇదీ మాలాగే నేలమీద తొంగుంది! దీనిదేనా గది? మాది సూడరా?”

“నా గది సూడండి!”

“గదేటి, ముందు నా కాళ్లు సూడండి!”

నా కాళ్లంటే నా కాళ్లని ఆడవాళ్లంతా పోటీపడి అరికాళ్లు చూపించారు. కుళ్లుతోనే అరిచారు. అయినా ఒక్క అబద్ధమూ లేదు.

“పుణ్యవతీ, నువ్ సెప్పవే!” అని వైకుంఠరావు ఉరిమాడు.

ఆమె నేలమీద చతికిలబడి, కొత్త కోక అంచు తప్పించి కాళ్లు చాపింది. అందరికంటే ఎక్కువ కాలినవి అవే. కూర్మమ్మ తన కాళ్లు వెనక్కి లాక్కుంది.

బాబులు చూశారు, రాసుకున్నారు, వెళ్లిపోయారు. మర్నాడు వైకుంఠరావు పుణ్యవతిని పనిలోంచి తీసేసి మంచం పట్టుకుపోయాడు. కూర్మమ్మ చిప్పలో నిప్పు తెచ్చి ఆమె పొయ్యిలో పోసింది.

“గంజి కాసుకో. నిన్ను రానిచ్చినదాకా, ఎండేల పని ఆపినదాకా, ఎవులమూ కళ్లంలో దిగం.”

మధ్యాహ్నమైంది. ధాన్యం కళ్లంలోనే పడుంది. ఆడవాళ్లంతా మిల్లు గేటు నీడన బైఠాయించారు. గొడవంతా పుణ్యవతివల్లేనని యజమాని కబురు పెడితే పోలీసులొచ్చారు.

“పుణ్యవతి ఎవర్తె? బండెక్కు!”

కూర్మమ్మ చివాలున లేచింది.

“కొత్త కోకా దానికే, సున్నం గోడలూ దానికే, ఇప్పుడు జైలూ దానికేనా? ముందు నన్నెక్కించండి!”

“నీకంటే నాను పెద్దదాన్ని. ముందు నాను!”

వరసంతా లేచింది. పోలీసుల బండి చాలలేదు.