ఒడ్డున ఒకరు

సెలవుల రద్దీకి సరస్సంతా పడవలతో కిక్కిరిసిపోయింది. మూడింటికి టికెట్ల కిటికీ మూసేశాక, అక్కడ టికెట్లిచ్చే ఆమె ఆరేళ్ల ఉద్యోగంలో మొదటిసారి తనకోసం ఒక చిన్న పడవ అడిగింది. చీటీ నింపనిదే ఎవరినీ నీళ్లమీదికి వదలరు. ‘వేళకు తిరిగి రాకపోతే ఒడ్డున ఎవరికి ఫోన్ చేయాలి?’ అన్న గడి దగ్గర ఆమె పెన్ను ఆగింది. పొద్దుటినుంచి వందమందిచేత ఆ గడి దగ్గరుండి నింపించింది తనే. చివరికి తనకు నోటికొచ్చిన ఒకే ఒక్క నంబరు రాసింది.

లైఫ్ జాకెట్లు ఇచ్చే పెద్దాయన చీటీ చూసి నవ్వాడు.

“ఇది మన కిటికీ నంబరే కదమ్మా! మోగితే ఎత్తేది నువ్వే. నీళ్లమీద పరిగెత్తుకొస్తావా ఏంటి?”

ఆమెకూ నవ్వొచ్చింది. ఆ నంబరు కొట్టేసింది గానీ, రాయడానికి ఇంకెవరి నంబరూ తట్టలేదు.

“బాబాయ్, ఐదింటికల్లా నేను రాకపోతే మీరు వెతికిస్తారా?”

“నాలుగున్నరకే నా డ్యూటీ అయిపోతుందమ్మా. ఇంట్లో మనవరాలు ఎదురుచూస్తుంటుంది.”

“అయితే నాలుగింటికే వచ్చేస్తాలెండి,” అంటూ ఆయన నంబరు అడిగి, కొట్టేసినదాని పక్కన రాసుకుంది. గంటసేపైనా ఒడ్డున తనకొక మనిషి ఉంటాడు.