మూడో సిలిండరులో టకటక

పళ్ల డాక్టరు సాయంత్రం వస్తానన్నాడు. చెవిమేస్త్రికి పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. షెడ్డు మధ్యలో ఉన్న డాక్టరుగారి పాత నల్లకారు చుట్టూ తిరుగుతాడు, ఇంజను నడిపిస్తాడు, ఆపుతాడు, తుడిచిన బానెట్టునే మళ్లీ తుడుస్తాడు. కాలుగాలిన పిల్లి అంటే ఏమిటో తెలియనివాళ్లు ఆ రోజు అక్కడికి వచ్చి ఉంటే తెలిసిపోయేది.

చెవిమేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి అదిమిపెట్టి, కళ్లు మూసుకుని, జబ్బు ఫలానా చోట ఉందని చెప్పేవాడు. విప్పి చూస్తే అక్కడే ఉండేది. పాత బళ్లవాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఆ చెవి కోసమే. అయితే ఈ మధ్య ఇంజన్లు తనతో మనసు విప్పి మాట్లాడటం లేదని అతనికో బాధ. మనుషులూ అంతే. భార్య మరీను. ఒకప్పుడు గలగలా మాట్లాడే మనిషి, ఇప్పుడన్నీ గొణుగుళ్లే. ఎందుకొచ్చిన గొడవని ఆమె ఏమన్నా "ఊఁ" అనేసేవాడు. అలా ఊఁ కొట్టి కొట్టి ఒకసారి ఇల్లంతా గులాబి రంగు వేయించడానికి ఒప్పేసుకున్నాడు కూడా.

ఆమె పనిచేసేదీ ఆ షెడ్డులోనే. కార్బురేటరు విప్పి కడగడంలో ఆమె చేతికి తిరుగులేదు. ఇప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని యాక్సిలరేటరు తొక్కుతున్నదల్లా కాలు తీసేసి దిగింది.

"ఏమండీ, టకటకమంటోంది."

"ఊఁ."

"ఊఁ కాదు! లోపల టకటక కొడుతోంది! నిన్న ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూశాను. మూడోది పీకితేనే తగ్గుతోంది. అక్కడ రాడ్డు బేరింగు పోయింది!"

"గయ్యాళిలా అరుస్తావెందుకు? నాకు వినపడని టకటక నీకెలా వినపడింది? తాతకు దగ్గులు నేర్పుతావా?"

ఆమె చేతిలోని గుడ్డ విసిరికొట్టి, వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది.

మేస్త్రి గెలిచాడు గాని, గెలిచినవాడికి ఉండాల్సిన నిమ్మళం లేదు. రేపు తెల్లవారి డాక్టరు తన తల్లినీ ఇద్దరు కూతుళ్లనీ ఎక్కించుకుని కొండదారి పట్టబోతున్నాడు. నిజంగానే బేరింగు పోయుంటే ఆ ఎక్కుడులో రాడ్డు విరిగి ఇంజను పగులుతుంది. పక్కనే లోయ. మేస్త్రి నీళ్లు తాగాడు. గ్లాసు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి మళ్లీ వెతుక్కున్నాడు.

ఇక ఉండబట్టలేక ఇంజను నడిపించాడు. తొక్కేవాళ్లు లేరు. ఎడమచేత్తో కార్బురేటరు తీగ లాగి పట్టుకున్నాడు. కుడిచేతికి గుడ్డ చుట్టుకుని మూడో ప్లగ్గు వైరు అందుకున్నాడు. చేతులు రెండూ చిక్కుకుపోయేసరికి స్క్రూడ్రైవరు పిడి పళ్ల మధ్య కరిచిపట్టి వంగాడు. మొన పోయి ఇంజనుకి తగిలింది.

టక్. టక్. టక్.

చప్పుడు దవడలోంచి తల నడిమధ్యకి వచ్చింది. వైరు పీకాడు. మెత్తబడింది. పెట్టాడు. మళ్లీ టక్ టక్. నాలుగోది పీకాడు, మార్పు లేదు. స్క్రూడ్రైవరు తీసి ఎప్పటిలా చెవికి పెట్టుకున్నాడు. హోరు తప్ప ఏమీ లేదు. రెండో చెవీ అంతే.

ఇంజన్లు మాట్లాడటం మానలేదు. తనకే వినపడటం లేదు. చెవి లేని చెవిమేస్త్రి గడప ఎవరు తొక్కుతారు? నమ్మలేక, మళ్లీ పిడి కరిచిపట్టాడు.

"అదేం పని మేస్త్రీ! పళ్లూడతాయి!" పళ్ల డాక్టరు అతని పక్కకే వచ్చి నిలబడి ఉన్నాడు. ఇంజను కేసి చూసి మురిసిపోయాడు. "ఎంత చక్కగా నడుస్తోంది! మా నాన్న నడిపిన రోజుల్లో కూడా ఇలా లేదు. తాళాలివ్వు, పిల్లలు ఒక్కచోట కూర్చోవడం లేదు."

మేస్త్రి ఇంజను ఆపి తాళాలు పీకాడు. డాక్టరుకి ఏ టకటకా తెలియలేదు. ఇచ్చేస్తే పేరు నిలుస్తుంది. తాళాలున్న చెయ్యి సగం దూరం వెళ్లింది కూడా. అక్కడే ఆగి, వెనక్కి వచ్చింది.

"పళ్లూడితే కట్టడానికి మీరున్నారు డాక్టరుగారూ. నాకు చెవులు పోయాయి. వాటికిప్పుడు పళ్లే దిక్కు."

నవ్వబోయిన డాక్టరు అతని మొహం చూసి ఊరుకున్నాడు.

"మూడో సిలిండరు బేరింగు పోయింది. మా ఆవిడ చెప్పింది, నేనే కసిరాను. రేపటికి వేరే బండి చూసుకోండి. ఇది కొండెక్కకూడదు."

డాక్టరు వేరే బండి చూసుకోవడానికి వెళ్లిపోయాడు. వెనక గది తలుపు అప్పటికే తెరిచి ఉంది.

"నాకు వినపడదని నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు మేస్త్రి, ఆమె వైపు చూడకుండా.

ఆమె అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది. "మెల్లగా చెబితే గొణుగుతున్నానంటారు. గట్టిగా చెబితే గయ్యాళినంటారు. ఇంకెలా చెప్పమంటారు?"

అతనికి సిగ్గేసింది.

ఇంజను చల్లారాక ఆయిలు దించి ఇద్దరూ కారు కిందికి దూరారు. విప్పి చూస్తే, బేరింగు పైపూత అరిగిపోయి, అడుగునున్న రాగి తేలి ఉంది. దీపం పట్టుకున్న ఆమె ఏదో అంది. నోటిదాకా వచ్చిన "ఊఁ"ని మేస్త్రి మింగేశాడు.

"ఏమన్నావు? నాకు వినపడలేదు."

ఆమె అతని చెవి దగ్గరికి జరిగి మళ్లీ చెప్పింది.

"చిన్న పానా ఇటివ్వమన్నాను."