హాస్టల్ ఇటుకలు

వెంకట్రాం సైకిల్ దిగేసరికి మంగీలాల్ జొన్న చేలో కలుపు తీస్తున్నాడు. వెంకట్రాం గంగారం బడిలో పంతులు. మంగీలాల్ కూతురు రామి చనిపోయినప్పటి నుంచీ అతని తరఫున ఢిల్లీకి అర్జీలు రాస్తున్నది ఆయనే.

"రేడియోల విన్నవా మంగీలాల్? అవినీతి కేసులు చూసే ఆ ఢిల్లీ ఆఫీసుకు కొత్త పెద్దసారు వచ్చిండు. శాన కడక్ మనిషంట. పాత కేసులన్నీ మళ్ల తీస్తమన్నడు."

మంగీలాల్ వంచిన నడుం ఎత్తలేదు. "ముందటాయన గూడ గట్లనే అన్నడు గద సారూ."

"ఈయన వేరే."

"అయితే మంచిదే."

రామి మంగీలాల్ ఒక్కగానొక్క బిడ్డ. తండా నుంచి వెళ్లి హాస్టల్లో ఉండి చదువుకునేది. కేంద్రం ఇచ్చిన డబ్బుతో ఆ హాస్టల్ కట్టించింది జగపతి అనే కాంట్రాక్టర్. కట్టిన మరుసటి వానాకాలమే, పొద్దున పిల్లలు గంజి తాగుతుండగా కప్పు కూలింది. రామి దాని కిందే ఉండిపోయింది.

మొదటిసారి విచారణకు వచ్చిన అధికారికి జరిగింది చెబుతూ మంగీలాల్ మధ్యలోనే ఏడ్చాడు. ఢిల్లీలో పెద్దసారు మారాడు. ఇంకో అధికారి వచ్చి అవే ప్రశ్నలు అడిగాడు. ఈసారి కన్నీళ్లు రాలేదు. వేరే ఎవరి బిడ్డ సంగతో తన నోటితో చెబుతున్నట్టు అనిపించింది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. జగపతి పంచాయతీ సమితి ప్రెసిడెంట్ అయ్యాడు.

కూలిన హాస్టల్ చుట్టూ తుప్పలు మొలిచాయి. తండావాళ్లు ఒక్కొక్కరే ఇటుకలు మోసుకుపోయారు. మంగీలాల్ చాన్నాళ్లు అటువైపే పోలేదు. ఓ ఏడు ముసురుకు ఇంటి వెనక గోడ పడిపోయింది. వేరే దారి లేక బండి కట్టుకుని వెళ్లి ఇటుకలు, ఇంత స్లాబు ముక్క తెచ్చాడు. అతని భార్య కమలాబాయి మట్టి కలిపి అందించింది. అప్పటినుంచీ ఇద్దరూ ఆ గోడ పక్కనే పడుకుంటున్నారు.

వెంకట్రాం చెప్పినట్టే, కలుపులు అయిపోక ముందే హైదరాబాద్ నుంచి జీపులో కొత్త అధికారి వచ్చాడు. పేరు సాంసన్. మంగీలాల్ మంచం వాల్చి, అలవాటైన మాటలు మొదలుపెట్టాడు. సాంసన్ మధ్యలో ఆపాడు.

"నీ మాట మాకు ఎరికే అన్నా. మా కొత్త సారు హాస్టల్ కట్టిన సామాను తెమ్మన్నడు. కోర్టుల చూపెట్టాలె. హాస్టల్ కాడ చూసొచ్చిన, పునాది తప్ప ఏం లేదు. ఆ ఇటుకలు ఎటు పోయినయ్?"

మంగీలాల్ తల దించుకున్నాడు. వాకిట్లో నిలబడ్డ కమలాబాయి అంది, "మా ఇంట్ల ఉన్నయ్ సారూ. రాండ్రి."

లోపలికి తీసుకుపోయి గోడకు ఆనించిన గోనె సంచులు జరిపింది. కొన్ని ఇటుకలకు పాత సిమెంటు ఇంకా అంటుకునే ఉంది. నీళ్ల కుండ కింద స్లాబు ముక్క ఉంది. సాంసన్ వంగి దాని అంచును బొటనవేలితో నొక్కాడు. అంచు పొడిపొడిగా రాలింది. ఆ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"సిమెంటే లేదు. అంత ఉసికెనే," అన్నాడు. ఆ గొంతులో కోపం నిజమైనదే.

కమలాబాయి అడిగింది, "మీ కొత్త సారుకు బిడ్డలున్నరా?"

"తెల్వదమ్మా."

మంగీలాల్ గడ్డపారతో ఇటుకలు ఊడదీసి, స్లాబు ముక్కతో పాటు జీపులో పెట్టాడు. సంగతి తెలిసి సైకిల్ మీద వచ్చిన వెంకట్రాం ముఖం వెలిగిపోతోంది. "నేను చెప్పలే?" అన్నాడు. మంగీలాల్ ఊ కొట్టాడు.

దసరా తర్వాత వాంగ్మూలం కోసం మహబూబాబాద్ గెస్ట్‌హౌస్‌కు రమ్మని సాంసన్ కబురు పంపాడు. మంగీలాల్ ఉతికిన ధోతి కట్టుకుని పొద్దుటి బస్సుకు వెళ్లాడు. గెస్ట్‌హౌస్ తాళం వేసి ఉంది.

"సాంసన్ సారా? ఆయన రాడు," అన్నాడు వాచ్‌మెన్. "ఢిల్లీల పెద్దసారును తీసేసిండ్రంట. ఈయన్ను ఎటో దూరం బదిలీ జేసిండ్రు. ఇంకో పెద్దసారు వచ్చిండంట, జర ఓపిక పట్టు."

మంగీలాల్ మెట్ల మీద కూర్చున్నాడు. కోపం వస్తుందేమో అనుకున్నాడు, రాలేదు. ఆకలి కూడా తెలియలేదు. లేచి బస్టాండుకు వచ్చేసరికి గంగారం బస్సు వెళ్లిపోయింది.

రోడ్డు మీద ఒక జీపు ఆగింది. ముందు సీట్లో జగపతి.

"మంగీలాల్ కాదా? ఇంటికేనా? ఎక్కు, మేమూ గటే పోతున్నం."

మంగీలాల్ ఎక్కాడు. ఎందుకెక్కాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికే తెలియలేదు. జీపు అడవిలోకి వచ్చాక జగపతి వెనక్కి తిరిగాడు.

"నీ బిడ్డ పేరు ఏందిరా? యాదికొస్తలేదు."

"రామి, దొరా."

"ఆ, రామి. పాపం," అని ముందుకు తిరిగాడు జగపతి. డ్రైవర్‌తో వడ్ల ధర గురించి మాట్లాడుతూ ఉండిపోయాడు.

తండా మలుపు దగ్గర మంగీలాల్ దిగాడు. కమలాబాయి వాకిట్లో కందులు చెరుగుతోంది.

"అయిందా?"

"ఆ సారు లేడు. మల్లొకలు వస్తరంట."

"బస్సు రాలేదు గద, ఎట్ల వచ్చినవ్?"

"జగపతి జీపుల."

ఆమె చేట కింద పెట్టి అతని ముఖంలోకి చూసింది. అతను కళ్లు తిప్పుకోలేదు. ఆమె లేచి కాళ్లకు నీళ్లిచ్చి, రొట్టె పెట్టింది. అతను పెట్టినంతా తిన్నాడు.