అల్లుడి తాళం

మా విద్యుత్ కేంద్రంలో భద్రతకు కొదవ లేదు. గేటు దగ్గరొక బోర్డు, క్యాంటీన్‌లో ఒక బోర్డు, చివరికి మరుగుదొడ్డి తలుపు మీద కూడా ఒక బోర్డు. వీటన్నిటికీ కర్త మా సేఫ్టీ ఆఫీసరు గారు. ప్రతి మాట చివరా "జాగ్రత్త" తగిలిస్తారు కాబట్టి ఆయన్ని జాగ్రత్త సారు అంటాం. ఆయన ప్రసంగం మొదలైతే నిలబడే నిద్రపోవడం మాకు అలవాటైపోయింది.

ఒక్క పద్ధతి మాత్రం ఆయన మంచిదే పెట్టారు. యంత్రంలోకి దిగేవాడు ముందుగా దాని స్విచ్‌కి తన తాళం వేసుకోవాలి. ఆ తాళం ఉన్నంతసేపు కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న నేను ఎంత నొక్కినా యంత్రం కదలదు. బయటికి వచ్చాక ఎవరి తాళం వాళ్లే తీసుకోవాలి. బాగానే ఉంది కదా! కానీ స్టోర్స్ వాళ్లు చవగ్గా వస్తున్నాయని ఒకే రకం తాళాలు తెచ్చిపడేశారు. అన్నిటికీ ఒకే తాళంచెవి సరిపోతుంది. ఈ సంగతి బయటపడ్డాక మావాళ్లు కంగారు పడాల్సింది పోయి సంబరపడ్డారు. చెవి పోతే పక్కవాడిది, తాళం మర్చిపోతే పక్కవాడిది. మనమంతా ఒకే కుటుంబం అనుకున్నారు.

నా విషయంలో అది అక్షరాలా కుటుంబమే. షిఫ్ట్ ఇన్‌చార్జి మా నాన్న. వెల్డరు మా ఆయన. ఇన్‌చార్జి గారి అల్లుడు కాబట్టి అతన్ని ప్లాంటంతా "అల్లుడు" అనే పిలుస్తుంది. ఎవరో వేళాకోళానికి అతని తాళం మీద కూడా తెల్లరంగుతో అదే రాశారు. ఇక నాన్న గొంతుకి మైకు అక్కర్లేదు. ఇంట్లో ఆయన మాటకి ఎదురు చెప్పిన మనిషి లేదు, అమ్మతో సహా. ప్లాంటులో సరేసరి.

ఆ రోజు బొగ్గును పిండి చేసే మిల్లు మరమ్మతులో ఉంది. లోపల వెల్డింగ్ చేస్తున్నది మా ఆయనే. మధ్యాహ్నానికి కరెంటు ఉత్పత్తి పడిపోతోందని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. నాన్న కంట్రోల్ రూమ్‌లోకి ఊడిపడ్డారు.

"మిల్లు స్టార్ట్ చెయ్!"

"దానికి తాళం ఉంది సార్." ప్లాంటులో ఆయన నాకు సారే.

"నేనే తీసేశాను. అల్లుడి తాళం. మర్చిపోయి వెళ్లి క్యాంటీన్‌లో టీ తాగుతున్నాడు నీ మొగుడు. కళ్లారా చూసొచ్చా."

"మిల్లు లోపల చూశారా?"

"చూడ్డానికేముంది? బొగ్గుంది."

గదిలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, వేలు బటన్ దాకా వెళ్లింది కూడా. కానీ తాళం వేసుకున్న మనిషి దాన్ని తీయమనలేదన్న సంగతి మనసులో పీకుతూనే ఉంది.

"ఆయన నోటితో చెప్తే నొక్కుతాను."

"నా మాట చాలదా?"

"చాలదు నాన్నా."

సార్ కాస్తా నాన్న ఎప్పుడయ్యాడో నాకే తెలియదు. ఆయన మొహం కందగడ్డయింది.

"నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది మొగుడి యోగక్షేమాలు కనుక్కోడానికి కాదు. నొక్కుతావా, లేచి ఇంకొకళ్లకి ఇస్తావా?"

నిజం చెప్పాలంటే నా భయం మిల్లు గురించి కాదు, నాన్న గురించే. అయినా కుర్చీ వదల్లేదు. క్యాంటీన్‌కి ఫోన్ చేసి మా ఆయన్ని పిలిపించి స్పీకర్ పెట్టాను.

"ఏంటి, ఇక్కడ కూడా ప్రశాంతంగా టీ తాగనివ్వవా?" అన్నాడు మా ఆయన.

గది గొల్లుమంది. నాన్న మీసం మీద చెయ్యి వేశారు. "విన్నావుగా? ఇక కానియ్."

నా పరువు కాస్తా గంగలో కలిసింది. నొక్కేసి ఈ గొడవ వదిలించుకుందామనిపించింది. ఆ ఉక్రోషమంతా మా ఆయన మీద చూపించాను. "తాళం వదిలేసి టీకి ఎలా వెళ్లావయ్యా?"

"వదిలేయడమేంటి? పని అయ్యాక తీసేశా. జాగ్రత్త సారు తనది మర్చిపోయొచ్చారట, అడిగితే నాది ఇచ్చా. ఆయన లోపలున్నారు, పోస్టర్ కోసం ఫొటోలు తీసుకుంటున్నారు."

ఎవరూ నవ్వలేదు. నాన్న పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. బటన్ దగ్గర్నుంచి చేతిని ఒళ్లోకి తీసుకున్నాను. అది నా చెయ్యిలా లేదు. అందరి ముందూ ఏడ్చేశాను.

కాసేపటికి నాన్న జాగ్రత్త సారుని రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. ఒళ్లంతా బొగ్గు, పళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఒక్క ఫొటో కూడా సరిగ్గా రాలేదు! అలా లాగితే భుజం జారుతుందండీ, జాగ్రత్త!" అని కసురుకుంటున్నారు.

"మీ తాళం నేను తీసేశాను," అన్నారు నాన్న. "మిల్లు తిప్పమన్నాను. మా అమ్మాయి తిప్పలేదు."

జాగ్రత్త సారు నాకేసి చూశారు, బటన్ కేసి చూశారు. దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డారు. ఎవరో మంచినీళ్లు అందించారు. సగం చొక్కా మీదే పోసుకున్నారు.

మళ్లీ ఫోన్ మోగింది. నాన్న తీయలేదు. నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు, క్షమించమనడం అసలే రాదు. అరవడం ఒక్కటే వచ్చు కాబట్టి గదంతా వినబడేలా అదే గొంతుతో అన్నారు:

"రేపు ఫోన్లొస్తే నేను మళ్లీ ఇలాగే మీద పడి అరుస్తా. నా సంగతి నాకు తెలుసు. అప్పుడు కూడా నా మాట వినకమ్మా."